కొబ్బరితోటల ఊరికి ఫైబర్ ప్లాన్: ఏఐ ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ తిప్పలు పెట్టింది

ఊరు కోనసీమలో ఉంది. ఒక పెద్ద ఊరు, మూడు శివారు పేటలు, మధ్యలో సెంట్రల్ డెల్టా పంట కాలువ, దాన్నుంచి చీలిన బోదెలు. ఇక్కడి కేబుల్ టీవీ ఆపరేటరు గారు పాత కోయాక్సియల్ (రాగి కేబుల్) తీసేసి ఇంటింటికీ జీపాన్ ఫైబర్ (ఒకే ఫైబర్‌ని చీల్చి చాలా ఇళ్లకు పంచే పద్ధతి) ఇస్తున్నారు. ప్లానింగ్ నా పని. చిన్న ఆపరేటర్లు ఈ ప్లాన్‌ని మామూలుగా గూగుల్ ఎర్త్ మీద చేత్తో గీసి, మిగతాది లైన్‌మ్యాన్ అనుభవానికి వదిలేస్తారు. ఈసారి ఇళ్ల గుర్తింపు, స్తంభాల గుర్తింపు, కేబుల్ దారి, స్ప్లిటర్ బాక్సుల (ఫైబర్‌లోని కాంతిని చీల్చి ఇళ్లకు పంచేవి) స్థలాలు, ఈ నాలుగూ వీలైనంత వరకు మిషన్‌తో చేయించాం. ఇలాంటి ఊళ్లో ఇదే పని మొదలుపెట్టేవాళ్లు నేరుగా వాడుకునేలా రాస్తున్నాను.

సరంజామా: క్యూజీఐఎస్ (మ్యాపులకి), పైథాన్, నెట్‌వర్క్‌ఎక్స్ (దారుల లెక్కకి), ఓఆర్-టూల్స్ (మేలైన ఎంపిక తేల్చడానికి), యోలో (ఫోటోలో వస్తువుల్ని గుర్తించే మోడల్), 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్, బైకుకు బిగించిన ఫోను. యోలో ట్రైనింగ్ మాత్రం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే జీపీయూ మీద. అన్ని లేయర్లూ ఈపీఎస్‌జీ 32644లోకి, అంటే యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి మార్చుకున్నాకే ఏ కొలతైనా. అక్షాంశ రేఖాంశాల మీద నేరుగా దూరాలు తీస్తే మీటర్లు రావు.

దశ 1: ఇళ్ల లెక్క

ఇళ్ల కోసం గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ మూడో వెర్షన్ తీసుకున్నాం. 50 సెంటీమీటర్ల శాటిలైట్ చిత్రాల నుంచి మోడల్ గీసిన పాలిగన్లు (కట్టడాల చుట్టుగీతలు) అవి. ఒక్కోదానికి వైశాల్యం, నమ్మకం స్కోరు ఉంటాయి.

1. ఊరి హద్దులో పడ్డ పాలిగన్లు: 2,140.
2. స్కోరు 0.70 కన్నా తక్కువవి తీసేస్తే: 1,873.
3. 20 చదరపు మీటర్ల లోపువి తీసేస్తే: 1,398.

చెట్లు బాగా దట్టంగా ఉన్న ఒక పేటను కావాలనే ఎంచుకుని ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టాం. నిజంగా ఉన్న ఇళ్లు 118. డేటాలో ఉన్న పాలిగన్లు 97. వాటిలో 14 ఇళ్లే కావు: పశువుల పాకలు, కొబ్బరికాయలు నిల్వ చేసే షెడ్లు, ఒక రైసు మిల్లు. మిగిలిన 83 సరైనవి. కనిపించకుండా పోయినవి 35. వాటిలో 21 కొబ్బరాకుల కింద దాక్కున్నవి, 14 గోడకు గోడ కలిసిపోయి పక్కింటి పాలిగన్‌లో కలిసిపోయినవి.

స్కోరు తగ్గిస్తే చెట్ల కింద ఇళ్లు దొరుకుతాయేమో అనిపిస్తుంది. దొరకవు. ఈ డేటాసెట్ 0.65 దగ్గరే ఆగిపోతుంది, ఆకుల కింద ఇల్లు అసలు అందులోకే రాదు. 0.65 దాకా దించితే పెరిగినవి ఎక్కువగా పాకలే.

దారి చూపించింది ఆపరేటరు గారి వసూళ్ల పుస్తకం. నెలనెలా కేబుల్ డబ్బులు వసూలు చేసే కుర్రాడు ఏ వరసలో ఇళ్లకు వెళ్తాడో అదే వరసలో పేజీలు ఉంటాయి. పక్కన ‘రామాలయం ఎదురు’, ‘చెరువు గట్టు మలుపు’ లాంటి గుర్తులు. ఈ పేజీల ఫోటోలు భాషా మోడల్‌కి ఇచ్చి టేబుల్‌గా మార్పించాం. పేర్ల కాలమ్ మీద కాగితం పట్టీ పెట్టి ఫోటో తీశాం. ఎవరు ఎంత బాకీ అనేది ఊరు దాటి ఏ సర్వర్‌కీ వెళ్లాల్సిన పని లేదు.

చేతిరాత బాగానే చదివింది. ఖాళీల దగ్గర మాత్రం మోసం చేసింది. డోరు నంబరు రాయని చోట పైన 3-41, కింద 3-43 ఉంటే మధ్యలో తనే 3-42 వేసేసింది. ‘పైదే’ అని పెట్టే రెండు గీతల్ని కొన్నిచోట్ల 11గా చదివింది. ఖాళీ ఉంటే ‘ఖాళీ’ అనే రాయమని ప్రాంప్టులో గట్టిగా చెబితే సగం తగ్గింది. మిగతా సగాన్ని పట్టించింది పేజీ అడుగున పెన్సిల్‌తో వేసిన మొత్తం. మోడల్ చదివిన అంకెల కూడిక ఆ మొత్తంతో కలవకపోతే ఆ పేజీ చేత్తో చూసుకోవడమే. చేతిరాత రిజిస్టర్లతో పనిచేసేవాళ్లు ఈ ఒక్క తనిఖీ తప్పకుండా పెట్టుకోండి.

ఇప్పటికి లెక్క: 1,398లో ఇళ్లు కానివి 203 పోగా 1,195. పుస్తకం, నడక కలిపి చేర్చినవి 317. మొత్తం ఇళ్లు 1,512. అందులో ఇప్పటికే కేబుల్ టీవీ ఉన్నవి 640.

దశ 2: స్తంభాలు

ఈ దశ మీద అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాం, పెట్టాల్సిందే. గాల్లో లాగే (ఏరియల్) ఫైబర్‌కి స్తంభమే ఆధారం. ఏపీ ఫైబర్‌నెట్ కూడా రాష్ట్రమంతా కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగింది. మాకూ డిస్కం అనుమతితో అవే దిక్కు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ ఊరి స్తంభాలు నమోదు కాలేదు.

బైకు మీద నెమ్మదిగా వెళ్తూ వీడియో తీశాం, జీపీఎస్ ట్రాక్ దానితోపాటు నడిచింది. సెకనుకో ఫ్రేము తీసి, 300 ఫోటోల్లో స్తంభాల చుట్టూ పెట్టెలు గీసి యోలోకి నేర్పించాం. వాలిడేషన్ అంకెలు, అంటే పరీక్షకి విడిగా ఉంచిన ఫోటోల మీద వచ్చినవి, ముచ్చటగా వచ్చాయి. ఒక రోడ్డు పట్టుకుని నడిచి చూస్తే అసలు సంగతి తెలిసింది:

- నిజంగా ఉన్న స్తంభాలు: 46
- మోడల్ చూపినవి: 64
- వాటిలో సరైనవి: 41
- మిగిలిన 23 చెట్లు: 19 కొబ్బరి, 4 పోక

బూడిదరంగు, నిలువు, సన్నం, రోడ్డు పక్కన వరసగా. ముదురు కొబ్బరి మానుకీ సిమెంటు స్తంభానికీ ఫోటోలో తేడా పైన చూస్తేనే తెలుస్తుంది. ఫోను అడ్డంగా బిగించడం వల్ల ఆ పైభాగం ఫ్రేములోకే రాలేదు. వాలిడేషన్ ఫోటోలూ ఎక్కువగా బజారు వీధివే, అక్కడ కొబ్బరిచెట్లు తక్కువ.

మార్చినవి:

1. ఫోను నిలువుగా, కొద్దిగా పైకి వాల్చి బిగించడం. క్రాస్ ఆర్మ్, పింగాణీ కప్పులు ఫ్రేములో పడాలి.
2. స్తంభమే లేని, ఒట్టి కొబ్బరి, పోక మానులున్న 180 ఫోటోలు ఖాళీ లేబుళ్లతో కలపడం.
3. వాలిడేషన్‌కి తోటల రోడ్లు విడిగా తీసి పెట్టడం.

మళ్లీ అదే రోడ్డు: చూపినవి 47, సరైనవి 44, చెట్లు 3, దొరకనివి 2. ఖాళీ లేబుల్ ఫోటోలు పదిలో ఒకటికి మించొద్దని సాధారణ సలహా. మాకు అంతకన్నా చాలా ఎక్కువే పట్టాయి, మా తోటలు అలాంటివి మరి.

తర్వాతి తలనొప్పి జీపీఎస్. ఆకుల కింద 8 నుంచి 12 మీటర్ల దాకా పక్కకు పోతోంది. ఊరి రోడ్డు వెడల్పే 5, 6 మీటర్లు ఉంటే, స్తంభం ఎడమ పక్క ఉందా కుడి పక్క ఉందా అనేది జీపీఎస్ చెప్పలేదు. పెట్టె ఫ్రేములో మధ్యగీతకు ఏ వైపు పడిందో చూసి, బైకు వెళ్తున్న దిక్కుతో కలిపి, రోడ్డుకి ఆ వైపున 2.5 మీటర్ల దూరంలో పెట్టించాం. ఒకే స్తంభం పదిసార్లు కనిపించడాన్ని డీబీస్కాన్‌తో (దగ్గరగా ఉన్న బిందువుల్ని ఒక గుంపు చేసే పద్ధతి) కలిపాం. 6 మీటర్ల వ్యాసార్థం పెడితే ఒకే స్తంభం రెండుగా మిగిలింది, 15 పెడితే జంట స్తంభాలు ఒకటైపోయాయి. 10 దగ్గర నిలిపాం.

ఇప్పటికి లెక్క: స్తంభాలు 463. వాటిలో కేబుల్ ఆనించకూడనివి 31: ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవి, బీటలు వారినవి, ఇప్పటికే కేబుళ్లు చుట్టలుగా వేలాడుతూ చోటు లేనివి. వాడదగినవి 432. ఆ 31 ఏవో మోడల్ చెప్పలేదు, లైన్‌మ్యాన్ బాబాయ్ బైకు వెనకాల కూర్చుని చెప్పారు.

దశ 3: కేబుల్ దారి

ఇళ్లనీ కంట్రోల్ రూమ్‌నీ కలిపే అతి పొట్టి ‘చెట్టు’ (కొమ్మల్లా చీలుతూ పోయే దారుల అమరిక) గీయించడం నెట్‌వర్క్‌ఎక్స్‌లోని స్టైనర్ ట్రీ ఫంక్షన్‌తో తేలికే. అది ఇచ్చే జవాబు ఉజ్జాయింపు. సిద్ధాంతం ప్రకారం కచ్చితమైన జవాబుకి రెట్టింపు మించదు. మాకు ఇబ్బంది వచ్చింది గ్రాఫ్‌తో, అంటే ఏ రోడ్డు దేనితో కలుస్తుందో చెప్పే వలతో. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్లు చాలాచోట్ల కలిసినట్టు కనిపించి ఒకటి రెండు మీటర్ల దూరంలో ఆగిపోయాయి. పుంతలు కొన్ని అసలే లేవు. గ్రాఫ్ ముక్కలైతే ఆ పేటకి దారి లేదని ప్రోగ్రాం ఆగిపోతుంది. కనీసం తెలుస్తుంది. అంతకన్నా ప్రమాదం, చుట్టూ తిరిగి ఎలాగోలా దారి దొరికిన చోట: ఏ ఎర్రర్ రాదు, కేబుల్ మాత్రం అర కిలోమీటరు పెరుగుతుంది. 3 మీటర్ల లోపు చివరలన్నీ కలిపేసి, కాలువకు రెండు వైపులా ఉన్నవాటిని మాత్రం కలపకుండా ఆపాం.

కాలువ దగ్గర ప్రోగ్రాం నేరుగా ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకి గీత గీసింది. పొడవు ప్రకారం అదే లాభం. బాబాయ్ మ్యాప్ చూసి, “కాలవ మీంచి తీగ లాగితే తూడు తీసే పొక్లెయిన్ వచ్చినప్పుడు పట్టుకుపోద్దండీ. లాకుల కాడ్నుంచి తిప్పండి” అన్నారు. కాలువలో గుర్రపుడెక్క, తూడు తీసేటప్పుడు ఆ మిషను చెయ్యి గట్టంతా పైకి లేచి తిరుగుతుంది, ఏ ఎత్తులో కట్టినా అందుతుంది. దాంతో కాలువ దాటడం వంతెనల దగ్గరే, బోదెలకు మాత్రం తూముల దగ్గర అనుమతి అని నియమం పెట్టాం.

రెండో నియమం ప్రభలది (పండక్కి వెదురుతో కట్టి ఊరేగించే ఎత్తైన అలంకార చట్రాలు). కోనసీమలో కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి చుట్టుపక్కల 11 ఊళ్ల నుంచి ప్రభలు కదులుతాయి. మా వైపు ఊళ్లలోనూ సంక్రాంతికి ప్రభలు కడతారు. అంత ఎత్తు ప్రభని మనుషులు భుజాల మీద మోసుకెళ్తుంటే అడ్డంగా ఉన్న తీగ ఏదైనా సరే దిగాల్సిందే. ఏ శాటిలైట్ చిత్రంలోనూ ఈ దారి కనిపించదు. బాబాయ్ చెప్పగా విడి లేయరుగా గీశాం. ఆ దారిని కేబుల్ ఎన్నిసార్లు దాటితే అన్నిసార్లు ప్రోగ్రాం లెక్కలో 150 మీటర్లు పెరిగినట్టు జరిమానా. తప్పనిసరిగా దాటాల్సిన రెండు చోట్లా కేబుల్‌ని ఆ పూటకి నేల మీదికి దించగలిగేలా అదనపు లూపు, తీసి పెట్టుకునే కొక్కేలు.

మెయిన్, డిస్ట్రిబ్యూషన్ కేబుల్ పొడవు ఎలా పెరుగుతూ వచ్చిందో:

- గాల్లో గీతలు గీస్తే: 11.2 కి.మీ.
- రోడ్ల వెంట: 15.8
- కాలువ నియమంతో: 17.1
- ప్రభల దారి, వాడకూడని స్తంభాలు తీసేశాక: 17.6
- స్తంభం నుంచి స్తంభానికి లెక్క, లూపులతో (జాయింట్ల దగ్గర చుట్టి వదిలే అదనపు కేబుల్) కలిపి: 18.4

ఒక చిన్న సంగతి. ‘సాగుడు కోసం 5 శాతం కలపండి’ అని అందరూ అంటారు. 40 మీటర్ల స్పాన్‌లో (రెండు స్తంభాల మధ్య దూరం) మధ్యన 60 సెంటీమీటర్లు వేలాడితే నిజంగా పెరిగే పొడవు 2.4 సెంటీమీటర్లు మాత్రమే. సాగుడు వల్ల దాదాపు ఏమీ పెరగదు. పెంచేవి లూపులు, స్తంభం మార్పులు, రోడ్డు ఈ పక్క నుంచి ఆ పక్కకి దాటడాలు. కాబట్టి గుండుగుత్తగా శాతం కలపకుండా ఒక్కోదాన్ని విడిగా లెక్కపెట్టించాం.

దశ 4: స్ప్లిటర్ బాక్సులు

కంట్రోల్ రూమ్ నుంచి వచ్చే ఒక్కో పాన్ పోర్టుని (ఒక ఫైబర్ బయల్దేరే చోటు; దాని మీది ఇళ్లన్నీ కలిపి ఒక ‘పాన్’) ముందు 1:8, అంటే ఎనిమిదిగా, తర్వాత స్తంభం మీది బాక్సులో మళ్లీ 1:8 చీలుస్తున్నాం. మొత్తం 64. ఏ స్తంభం మీద బాక్సు పెట్టాలి, ఏ ఇంటిని దేనికి ఇవ్వాలి అనేది ఓఆర్-టూల్స్‌లోని సీపీ-శాట్ అనే సాల్వర్‌కి అప్పజెప్పాం. 1,512 ఇళ్లు, 432 స్తంభాలు మొత్తంగా ఇస్తే ల్యాప్‌టాప్ రాత్రంతా తిరిగి ఊరుకుంది. ఒక్కో ఇంటికి 80 మీటర్ల లోపు స్తంభాలు మాత్రమే అభ్యర్థులుగా ఇచ్చి, కాలువలను హద్దులుగా పెట్టి ఊరిని ముక్కలు చేశాక, ముక్కకి 10 నిమిషాల్లో కచ్చితమైన జవాబుకి 2 శాతం దూరంలోకి వచ్చింది. ఆ మిగిలిన 2 శాతం కోసం టెన్షన్ పడక్కర్లేదు, క్షేత్రంలో అంతకన్నా ఎక్కువే మారుతుంది.

మొదటి జవాబు: బాక్సులు 92, సగటు డ్రాప్ వైరు (బాక్సు నుంచి ఇంటికి వెళ్లే తీగ) 34 మీటర్లు. కాగితం మీద చక్కగా ఉంది. కానీ చాలా డ్రాప్‌లు రోడ్డు దాటుతున్నాయి, కొన్ని పక్కింటి డాబా మీదుగా వెళ్తున్నాయి. కొబ్బరికాయల లారీ, గడ్డి ట్రాక్టరు తిరిగే రోడ్డు మీద సన్నటి డ్రాప్ వైరు ఒక సీజన్ కూడా నిలవదు. పక్కింటి డాబా సంగతి చెప్పక్కర్లేదు. ఊళ్లో గొడవలకు అంతకన్నా చిన్న కారణాలు చాలు.

మార్చిన నియమాలు:

1. డ్రాప్ రోడ్డు దాటితే 25 మీటర్ల జరిమానా.
2. వేరే ఇంటి పాలిగన్ మీదుగా వెళ్తే ఆ జత నిషేధం.
3. బాక్సుకి ‘18 ఇళ్లు’ అనే పరిమితి తీసేసి, కేబుల్ టీవీ ఉన్న ఇంటికి 0.7, లేని ఇంటికి 0.2 బరువు (కనెక్షన్ తీసుకునే అవకాశం). ఒక బాక్సులో బరువుల మొత్తం 6.5 దాటకూడదు. 8 పోర్టుల్లో ఒకటిన్నర చేతిలో ఉంటుంది.

ఈ 0.7, 0.2 ఆపరేటరు గారి అంచనా. ఎవరు కనెక్షన్ తీసుకుంటారో ముందే చెప్పే మోడల్ పెట్టమని నన్ను అడిగారు. ఇంటి వైశాల్యం, బజారు నుంచి దూరం తప్ప చేతిలో ఏమీ లేనప్పుడు అలాంటి మోడల్ చెప్పేది అంకెల రూపంలో ఉన్న ఊహే. ఇరవై ఏళ్లుగా అదే ఊళ్లో డబ్బులు వసూలు చేస్తున్న మనిషిని అడగడం మేలు.

ఇప్పటికి లెక్క: బాక్సులు 104, సగటు డ్రాప్ 41 మీటర్లు, పాన్ పోర్టులు 13. 8 పోర్టుల ఓఎల్‌టీ (కంట్రోల్ రూమ్‌లో ఫైబర్లన్నీ మొదలయ్యే పరికరం) చాలదు, 16ది తీసుకున్నాం, 3 మిగులు.

దూరంగా ఉన్న బాక్సుకి లాసు (దారిలో తగ్గిపోయే కాంతి, డీబీల్లో) లెక్క, 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర: ఫైబర్ 3.8 కి.మీ.కి 1.33 డీబీ, రెండు స్ప్లిటర్లకు 21.0, స్ప్లైసులు (ఫైబర్ అతుకులు) 9కి 0.9, కనెక్టర్లు 4కి 2.0. మొత్తం 25.23. మేం వాడే బీ ప్లస్ రకం ఆప్టిక్స్ తట్టుకోగల లాసు, అంటే బడ్జెట్, 28. చేతిలో 2.77. ఈ లెక్క ప్రతి ఇంటికీ ప్రోగ్రామే వేస్తుంది, 2 డీబీ కన్నా తక్కువ మిగిలితే ఎర్రగా చూపిస్తుంది.

దశ 5: పనివాళ్లకి ఇచ్చే కాగితం

అక్షాంశ రేఖాంశాలు ఎవరికీ అక్కర్లేదు. ‘రావిచెట్టు స్తంభం నుంచి కుడి పక్కగా మూడో స్తంభానికి’ అని కావాలి. స్తంభాల పట్టిక, దగ్గరి గుర్తులు ఇచ్చి భాషా మోడల్‌తో రాయిస్తే వాక్యాలు బాగున్నాయి, కుడి ఎడమలు తలకిందులు. ఎటు నుంచి నడుస్తున్నారో దానికి తెలియదు, తెలియకపోయినా రాసేస్తుంది. ఇప్పుడు దిక్కు, దూరం, స్తంభాల వరస కోడ్ తేలుస్తుంది, మోడల్ వాక్యం మాత్రమే కడుతుంది. కట్టిన వాక్యంలోని అంకెలు పట్టికతో కలుస్తున్నాయో లేదో మళ్లీ కోడే చూస్తుంది. కాగితం వాట్సాప్‌లో వెళ్తుంది.

దశ 6: మొదటి పాన్ లాగాక కొలతలు

ముందు ఒక పాన్ పోర్టు, 8 బాక్సుల మేరకే లాగించాం. వేసిన పొడవుని కేబుల్ తొడుగు మీద మీటరు మీటరుకీ ముద్రించి ఉండే అంకెల నుంచి తీసుకున్నాం: చివరి అంకె, మొదటి అంకె, తేడా. డ్రమ్ము మీద కాగితంలో ఉన్న పొడవు నమ్మనక్కర్లేదు.

ప్లాన్: 4,210 మీటర్లు. వేసింది: 4,455. తేడా 245, అంటే 5.8 శాతం.

- లూపులు: 130. ప్లాన్‌లో జాయింటుకి 10 మీటర్లు పెట్టాం. స్ప్లైసర్ 20 వదిలాడు, 13 చోట్ల. అతనిదే సరైన లెక్క. కేబుల్ ఆరు మీటర్ల ఎత్తున ఉంటే, జాయింట్ బాక్సుని కింద బల్ల మీదికి దించి మిషనులో పెట్టాలంటే రెండు వైపుల నుంచీ తీగ దిగాలి. పదితో నిచ్చెన మీద నిలబడి స్ప్లైస్ చేయాల్సి వస్తుంది.
- స్తంభం మార్పులు: 69. వీడియో తీశాక డిస్కం వాళ్లు పాత స్తంభాలు కొన్ని మార్చారు.
- ప్రభల దారి లూపులు: 46, రెండు చోట్ల 23 చొప్పున. ప్లాన్‌లో నియమం ఉంది గానీ పొడవు కలపలేదు.

పవర్ మీటర్ కొలత: ఓఎల్‌టీ దగ్గర ప్లస్ 3.4, చివరి బాక్సులో మైనస్ 22.6 డీబీఎం. లాసు 26.0. కంట్రోల్ రూమ్ నుంచి ఇళ్లకు వచ్చే కాంతి 1490 నానోమీటర్లది, దాని దగ్గర లెక్క ప్రకారం రావాల్సింది 24.85. ఒక డీబీకి పైగా ఎక్కడో పోతోంది. ఓటీడీఆర్ (ఫైబర్‌లో ఎంత దూరంలో ఎంత లాసు ఉందో చూపే మీటరు) రెండు తరంగదైర్ఘ్యాల్లో పెట్టి చూశాం: ఒకే చోట 1310లో 0.2, 1550లో 1.1. స్ప్లైస్ బాగోకపోతే రెండింటిలో దాదాపు ఒకేలా చూపిస్తుంది. పొడవాటి తరంగం దగ్గర ఇంత ఎక్కువ పోతోందంటే అక్కడ కేబుల్ మెలిక పడిందన్నమాట. బాక్సుకి రెండు స్తంభాల ముందు, క్లాంపు దగ్గర ప్లాస్టిక్ టై మరీ గట్టిగా బిగించి ఉంది. వదులు చేశాక మైనస్ 21.7. లాసు 25.1.

రెండో పాన్ నుంచి ప్రోగ్రాంలో మారిన అంకెలు:

1. జాయింట్ లూపు 10 బదులు 20 మీటర్లు.
2. ప్రభల దారి దాటే చోట 23 మీటర్లు అదనం.
3. స్తంభాల వీడియో కేబుల్ లాగే వారం ముందు ఆ పాన్ మేరకు మళ్లీ తీయాలి. తేడా వచ్చిన స్తంభాల్ని మాత్రమే ప్రోగ్రాం చూపిస్తుంది.
4. జాయింట్లు వీలైనంత వరకు డ్రమ్ము చివర్లకు దగ్గరగా పడాలి. 2 కిలోమీటర్ల డ్రమ్ము ముక్కలు మిగిలిపోతే వాటికి ఊళ్లో పని దొరకదు.
5. క్లాంపు దగ్గర టై బిగించిన ఫోటో స్తంభానికొకటి. వాటిని చూసి ఎక్కడ మరీ బిగిసిందో చెప్పే పని ఇంకా ఏ మోడల్‌కీ ఇవ్వలేదు, స్ప్లైసరే చూస్తున్నాడు.

ఊరి మొత్తానికి కేబుల్ ఆర్డరు: 18.4కి మొదటి పాన్‌లో కొలిచి తేలిన 5.8 శాతం కలిపి 19.5 కి.మీ., 2 కిలోమీటర్ల డ్రమ్ములు 10. బాక్సులు 104, జాగ్రత్తకి 6 అదనం. రెండో పాన్ కాలువ అవతలి పేటది, లాకుల వంతెన మీదుగా.